గోడకవతలి గది

కిందటి ఆదివారం పొద్దున్నే, నేనింకా పేపరులో మొదటి పేజీ దాటకముందే, మా పక్కింటి రిటైర్డు బాంకు ఆఫీసరుగారు చంకలో లాప్‌టాప్ పెట్టుకుని మా యింటికి దయచేశారు. మొహం చూస్తే ఎవరో నిలువునా మోసం చేసినట్టుంది. కాఫీ కూడా వద్దన్నారు. ఆయన కాఫీ వద్దన్నారంటే సంగతి చిన్నది కాదని మా ఆవిడ వంటింట్లోనుంచే గ్రహించింది.

"మాస్టారూ! అమ్మాయి చదువుకని బోలెడు డబ్బు పోసి కొన్నానండీ. తీరా ఇంటికి తెచ్చి చూస్తే దీంట్లో డి డ్రైవు లేదు. సి ఒక్కటే ఉంది. పైగా పెట్టెమీద 512 జి.బి. అని అచ్చేశాడా, లోపల చూస్తే 476! డి డ్రైవుతోపాటు ఆ 36 కూడా షాపువాడే మింగేశాడంటారా?"

నవ్వు వచ్చింది. కాని నవ్వలేదు. ఆయన వెతుకుతున్న ఆ డి డ్రైవును నేనూ ఒకప్పుడు గుడ్డిగా నమ్మినవాణ్ణే. ఆ నమ్మకంవల్ల మా యింట్లో పోయినదేమిటో చెప్పడానికే యీ వారం కలం పట్టుకున్నాను.

ముందు 36 జి.బి. సంగతి తేల్చేద్దాం. ఎవరూ మింగలేదు. డిస్కు తయారుచేసినవాడి లెక్కలో ఒక జి.బి. అంటే సరిగ్గా 100 కోట్ల బైట్లు. విండోసు లెక్కలో 1024ని మూడుసార్లు హెచ్చవేస్తే వచ్చేది, అంటే 107 కోట్ల పైచిలుకు. పాలమనిషి సోల ఒకటి, మన యింటి సోల ఒకటి. పాలు మాత్రం అవే. ఇంత చెప్పినా బాంకువారు పూర్తిగా నమ్మినట్టు కనబడలేదు. వడ్డీ లెక్కలు కట్టిన మనిషి గదా!

ఇక డి డ్రైవు. మన వూళ్ళలో కంప్యూటరు విడిభాగాలు తెచ్చి బిగించి ఇచ్చే షాపులవాళ్ళు ఒక సంప్రదాయం పెట్టారు. డిస్కు ఒక్కటే అయినా దాన్ని సి, డి, ఇ అని మూడు వాటాలు వేసి, "సి ముట్టుకోకండి సార్, విండోసు ఉంటుంది. మీవన్నీ డి లో పెట్టుకోండి. సినిమాలు ఇ లో" అని ఉపదేశం చేసి పంపేవారు. గృహప్రవేశానికి వచ్చిన పెద్దమనిషి ఇది పూజగది, ఇది వంటిల్లు అని చూపించినట్టే ఉండేది. అసలు అక్షరమాల సి తో ఎందుకు మొదలయిందంటే, ఎ, బి అనే రెండక్షరాలూ అప్పటికే ఫ్లాపీలకు పోయాయి. 1983లో ఐ.బి.ఎం. వారు ఎక్స్.టి. అనే కంప్యూటరులో 10 ఎం.బి. హార్డ్ డిస్కు పెట్టి తెచ్చినప్పుడు దానికి మిగిలింది సి. ఇప్పుడు ఫ్లాపీలు లేవు, అయినా ఆ రెండు పీటలూ అలా ఖాళీగానే ఉన్నాయి.

వాటాలు వెయ్యడం మొదట్లో ముచ్చటకు పుట్టింది కాదు, అవసరానికి పుట్టింది. ఆ రోజుల డాస్ ఒక వాటాలో 32 ఎం.బి.కి మించి చూడలేకపోయేది. 40 ఎం.బి. డిస్కు కొన్నవాడు రెండు ముక్కలు చెయ్యకపోతే మిగతా 8 ఎం.బి. ఉండీ లేనట్టే. తర్వాత ఆ హద్దు 2 జి.బి. అయింది, ఆ తర్వాత అదీ పోయింది. ఇరుకు పోయినా వాటాల అలవాటు పోలేదు. ఈ మధ్య వచ్చే లాప్‌టాప్‌లు మాత్రం ఒక్క సి తోనే వస్తున్నాయి. కనక అది మోసం కాదు, ఫాషను మారింది, అంతే.

డిస్కులో గోడ అంటే నిజంగా గోడ కాదు సుమండీ. వెనకటి కరణంగారి దస్తరం తలుచుకోండి. ఫలానా గట్టునుంచి ఫలానా చింతచెట్టుదాకా పెద్దవాడిది, అక్కణ్ణించి కాలవదాకా చిన్నవాడిది అని రాసుంటుంది. పొలంలో చూస్తే అంతా ఒకటే నేల. పాత పద్ధతి డిస్కుల్లో మొట్టమొదటి అరలో, 512 బైట్ల జాగాలో, ఇటువంటి అడంగలు ఒకటి ఉంటుంది. దాంట్లో నాలుగే వరసలు. ఒక్కొక్క వరసకు 16 బైట్లు. ఈ వాటా ఎక్కడ మొదలు, ఎంత పొడుగు అన్నదే అందులో రాత. ఆ నాలుగు వరసల్ని నమ్ముకునే మన పెళ్ళి ఫొటోలూ, పిల్లల సర్టిఫికెట్లూ, ఇంటి దస్తావేజుల నకళ్ళూ అన్నీ నడుస్తూ వచ్చాయి.

ఆ రాతగోడ ఒకసారి నన్ను కాపాడింది. అది చెప్పకపోతే గోడకు అన్యాయం చేసినవాణ్ణవుతాను.

2013 దసరా సెలవుల్లో మా అమ్మ చేత పాటలు పాడించి రికార్డు చేశాను. రోకటి పాటలు, తిరగటి పాటలు, అప్పగింతల పాటలు, మంగళహారతులు, అన్నిటికన్నా పెద్దది ఊర్మిళాదేవి నిద్ర. మొత్తం 43. మొదట "నా గొంతేమిటి, రికార్డేమిటి, పోరా" అంది గాని, మూడోరోజుకు తనే "ఇవాళ పెట్టవా నీ పెట్టె?" అని అడగడం మొదలుపెట్టింది. మధ్యమధ్య దగ్గు, వీధిలో కూరలమ్మి కేక, "ఆగు, ఈ చరణం ముందొచ్చింది" అని దిద్దుబాటు, అన్నీ అందులో ఉన్నాయి. అమ్మ 2017లో పోయింది.

ఆ పాటలన్నీ మా యింటి కంప్యూటరులో షాపువాడి ఉపదేశం ప్రకారం డి లో పెట్టాను. 2015 వేసవిలో ఒకనాడు ఆ కంప్యూటరు నీలం తెర చూపించి కూచుంది. ఎన్నిసార్లు లేపినా అదే తెర. షాపు కుర్రవాడు వచ్చి, "విండోసు పాడయింది మాస్టారూ, ఫార్మాట్ కొట్టాలి" అన్నాడు. ఆ కొట్టాలి అన్న మాటకు నా గుండె ఝల్లుమంది. "పాటలు?" అన్నాను. "డి లో ఉన్నాయిగా, డి జోలికి పోను" అన్నాడు తాపీగా. రెండు గంటల్లో కొత్త విండోసు వేశాడు. డి తెరిచి చూస్తే 43 పాటలూ నిక్షేపంలా ఉన్నాయి. డెస్క్‌టాప్ మీద పరిచి ఉంచినవి మాత్రం, అవన్నీ సి లోవే గనక, పోయాయి. అందులో అర్ధసంవత్సరపు పరీక్ష మార్కులున్నాయి. మళ్ళీ కూచుని అన్ని పేపర్ల మార్కులూ ఎక్కించాను. డిస్కు తీసి ఇంకో కంప్యూటరుకు తగిలించి ముందుగా వాటి నకలు తీసుకోవచ్చని అప్పుడు నాకు తెలియదు. ఆ కుర్రవాడికి తెలియదో, తీరికే లేదో!

ఆనాటినుంచి నేను డి డ్రైవు ప్రచారకుణ్ణయిపోయాను. స్టాఫ్ రూములో ఎవరి కంప్యూటరు మొరాయించినా "డి లో పెట్టారా?" అని అడిగేవాణ్ణి. సంస్కృతం మాస్టారు నన్ను చాటున డి మాస్టారనేవారని తర్వాత తెలిసింది.

బాంకువారి లాప్‌టాప్‌కు కూడా డి కట్టి ఇచ్చాను. ఎలాగో మీకూ చెబుతాను, ఇది ఇంట్లో చేసుకోదగ్గ పనే. మొట్టమొదట లోపల ఏముందో అదంతా ఇంకో చోటికి నకలు తీసుకోవాలి. గోడ కట్టేటప్పుడే ఇల్లు కూలిన సందర్భాలున్నాయి. చార్జరు తగిలించి ఉంచాలి, మధ్యలో కరెంటు పోయి ఆగిపోకూడదు. బిట్‌లాకర్ అనే తాళం వేసి ఉంటే దాని రికవరీ అంకెలు ముందుగా కాగితంమీద రాసి పెట్టుకోవాలి. అప్పుడు స్టార్ట్ గుర్తుమీద మౌసు కుడి మీట నొక్కితే వచ్చే జాబితాలో డిస్క్ మేనేజ్‌మెంట్ అని ఉంటుంది. అందులో సి మీద కుడి మీట నొక్కి ష్రింక్ వాల్యూమ్ అంటే, ఎంత తగ్గించమంటారని ఎం.బి.ల్లో అడుగుతుంది. 200 జి.బి. కావాలంటే 204800 అని వెయ్యాలి. ఒక్కొక్కప్పుడు లోపల ఎంతో ఖాళీ ఉన్నా అంత తగ్గించనంటుంది. విండోసు సొంత ఫైళ్ళు కొన్ని కదలనివి మధ్యలో బాసింపట్టు వేసుకుని కూచుంటాయి, వాటికి అవతలున్నదే అది మనకిస్తుంది. అలా వచ్చిన ఖాళీ మీద న్యూ సింపుల్ వాల్యూమ్ అని ఎంచుకుని, డి అక్షరం ఇచ్చి, ఎన్.టి.ఎఫ్.ఎస్. పద్ధతిలో ఫార్మాట్ చేస్తే గది తయారు. దానికొక పేరు పెట్టడం మరచిపోకండి. రేపు విండోసు మళ్ళీ వెయ్యాల్సివస్తే అక్కడ కనబడే పట్టికలో సి, డి అక్షరాలుండవు. పార్టిషన్ 3, పార్టిషన్ 4 అని ఉంటాయి. పేరూ సైజూ చూసి గుర్తుపట్టకపోతే ఉంచవలసిన దాన్నే తుడిచేస్తాం. ఆ చోటే చిన్నచిన్న పేరులేని గదులు ఒకటి రెండు కనబడతాయి. అవి కంప్యూటరు లేవడానికి కావలసినవి. దండగ అని వాటిని తీసెయ్యకండి.

గది కట్టినంతలో సరి కాదు. మన డాక్యుమెంట్సు, పిక్చర్సు ఫోల్డర్లు ఇంకా సి లోనే ఉంటాయి. వాటి ప్రాపర్టీస్‌లోకి వెళ్ళి, లొకేషన్ అన్న చోట మూవ్ నొక్కి, డి లో కొత్త ఫోల్డరు చూపించాలి. ఇది చెయ్యక డి ని ఖాళీగా ఉంచుకుని, తమ ఫైళ్ళు భద్రంగా ఉన్నాయని నిద్రపోయేవారు నాకు కనీసం నలుగురు తెలుసు.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇప్పుడు మా వూరి ఇంటి మాట ఒకటి చెప్పాలి.

మాది కోనసీమలో గోదావరి గట్టు కింద ఒక పల్లె. మండువా లోగిలి. తాతగారు పోయాక మా నాన్నగారూ, పెదనాన్నగారూ ఇల్లు పంచుకుని మండువాకు అడ్డంగా ఒక మట్టిగోడ పెట్టారు. తగాదా ఏమీ లేదు. గోడకు ఒక చిన్న గుమ్మం కూడా ఉండేది, ఎప్పుడూ మూసేవారు కాదు. మా వాటాలో పెంకులు పాతవి, వానొస్తే కారేది. పెదనాన్నగారు పైకప్పు నేయించుకున్నారు. అంచేత మా అమ్మ తన రేకుపెట్టెను అవతలి గదిలో పెట్టించింది. ఆ పెట్టెలో మా అమ్మమ్మ చేతిరాతతో పాటల పుస్తకం ఉండేది. ఎన్ని వానలొచ్చినా మా వాటాలో గిన్నెలు పరిచాం గాని ఆ పెట్టెకు చెమ్మ తగలలేదు.

1986 ఆగస్టులో గోదావరి పొంగి గట్లు తెగాయి. నాకప్పుడు ఏడేళ్ళు. నాన్నగారి భుజాలమీద కూచుని బడిమీదికి వెళ్ళడం జ్ఞాపకం. నాలుగోనాడు తిరిగి వచ్చి చూస్తే రెండు వాటాలూ ఒకే వాటా అయ్యాయి, మధ్య గోడ కూలి మన్నయింది. రేకుపెట్టె దొరికింది. పుస్తకంలో సిరా అంతా అలికిపోయి నీలం నీళ్ళయింది. మా అమ్మ ఒక్క మాట అనలేదు. ఎండలో కాగితాలు ఒక్కటొక్కటే ఆరబెట్టింది. అదృష్టం ఏమిటంటే ఆ పాటలన్నీ ఆవిడకు నోటికి వచ్చు.

ఇంత కళ్ళారా చూసినవాణ్ణి గదా, ముప్ఫయ్యేళ్ళ తర్వాత అదే పని నేనెలా చేశానో చూడండి.

2019 శ్రావణమాసంలో ఒక రాత్రి పేపర్లు దిద్దుకుంటుంటే కంప్యూటరు పెట్టెలోంచి టిక్కు టిక్కు మని చప్పుడు. బల్లి అనుకున్నాను. తెల్లవారి చూస్తే సి లేదు, డి లేదు. విండోసు పాడయిందని కాదు, డిస్కే ఉన్నట్టు కంప్యూటరుకు తెలియడం లేదు. అదే షాపు కుర్రవాడు, ఇప్పుడు పెళ్ళయి పెద్దవాడయ్యాడు, చెవి దగ్గర పెట్టుకుని విని, "హెడ్ పోయింది మాస్టారూ" అన్నాడు. "డి లో ఉన్నాయయ్యా" అన్నాను. అతను నన్ను చూసిన చూపు ఇంకా మరిచిపోలేదు. "సి అయినా డి అయినా అదే డిస్కు కదండీ."

ఆ పాత రకం డిస్కు లోపల అద్దంలాంటి పళ్ళెం నిమిషానికి 7200 చుట్లు తిరుగుతుంటుంది. దానిమీద రాసే, చదివే ములుకు పళ్ళేన్ని తాకకుండా గాలిలో తేలుతుంటుంది. మధ్య ఎడం తలవెంట్రుక మందంలో వెయ్యోవంతుకూడా ఉండదు. ఆ ములుకు సి కి వేరే, డి కి వేరే ఉండదు. ఒకే చెయ్యి రెండు వాటాల్లోనూ తిరుగుతుంది. ఆ చెయ్యి విరిగినా, జారి పళ్ళెం గీరుకున్నా, కరణంగారి సరిహద్దు దాన్ని ఆపదు. డిస్కును హైదరాబాదులో ఒక చోటికి పంపాను. దుమ్ములేని గదిలో విప్పి చూశారట. పళ్ళెం గీతలు పడిందని, రాదని రాశారు.

43 పాటల్లో మా చెల్లెలి ఫోనులో 11 ఉన్నాయి, ఎప్పుడో వాట్సాప్‌లో పంపినవి. జానపద సాహిత్యం పాఠం చెబుతూ పిల్లలకు వినిపించడానికి కాలేజీకి పట్టుకెళ్ళిన పెన్ డ్రైవులో 3 దొరికాయి. వాటిలో రెండు మళ్ళీ చెల్లెలి దగ్గర ఉన్నవే. మొత్తం దక్కినవి 12. పోయినవి 31. ఊర్మిళాదేవి నిద్ర పోయింది. ఇక అమ్మ పాడదు.

నన్ను ఇప్పటికీ తొలిచే లెక్క ఒకటుంది. ఆ 43 పాటలూ కలిపి 170 ఎం.బి.కి మించవు. కాలేజీకి తీసుకెళ్ళిన ఆ చిన్న పెన్ డ్రైవులోనే అన్నీ పట్టి, ఇంకా బోలెడు చోటు మిగిలేది. మూడు పాటలు ఎక్కించినవాణ్ణి మిగతా నలభై ఎందుకు ఎక్కించలేదంటే, వాటి అవసరం ఆ రోజు పాఠంలో లేదు. అంతే.

ఇదంతా చెబితే బాంకువారు, "అవి తిరిగే డిస్కులండీ. మాది ఎస్.ఎస్.డి., దీంట్లో పళ్ళెమూ లేదు, ములుకూ లేదు" అన్నారు. నిజమే. కాని దీంట్లో గోడ మరీ మాయ. పాత డిస్కులో కనీసం డి కి ఫలానా చోటు అని ఉండేది. ఎస్.ఎస్.డి.లో చిప్పులన్నీ సమంగా అరగాలని లోపలి కంట్రోలరు మన ఫైళ్ళను తన చిత్తం వచ్చినచోట సర్దుతుంటుంది. సి లోదీ డి లోదీ ఒకే చిప్పులో పక్కపక్కన పడుకుని ఉండొచ్చు. పైగా పాత డిస్కు పోయేముందు టిక్కు టిక్కు మని కాస్త చెప్పేది. ఇది ఒక్కొక్కప్పుడు చెప్పకుండానే పోతుంది. చెరిపేసిన ఫైళ్ళను తిరిగి రప్పించే విద్యలు కూడా దీనిమీద అంతగా పారవు. చెరిపినచోటును ఇది తనంతట తానే శుభ్రం చేసేసుకుంటుంది.

డిస్కు పోవడం ఒక్కటే కాదు. రైల్లో లాప్‌టాప్ సంచీ పోయిందనుకోండి, దొంగ సి ని తీసుకుని డి ని మనకు వదిలి వెళ్ళడు. 2017 మేలో వానాక్రై అనే పీడ ప్రపంచమంతా తిరిగింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కొన్నిటిని కూడా పట్టుకుంది. అటువంటివి ఫైళ్ళన్నిటికీ తాళం వేసి డబ్బు అడుగుతాయి. సి, డి, ఇ అన్న తేడా చూడవు. కంప్యూటరుకు తగిలించి ఉన్న పెన్ డ్రైవును కూడా వదలవు. ఇక మన చేత్తో మనం చెరుపుకునేవి, "ఈ ఫోల్డరు రెండుసార్లుందే" అని రెండూ తీసేసేవి, వాటి లెక్క చెప్పక్కర్లేదు.

అన్నట్టు, డిస్కులు తయారుచేసేవాళ్ళకు యీ సంగతి మనకన్నా బాగా తెలుసు. ఇందాక అడంగలు అన్నానే, కొత్త పద్ధతిలో దాన్ని జి.పి.టి. అంటారు. మామూలుగా 128 వాటాలదాకా రాసుకోవచ్చు. ఆ పట్టికను డిస్కు మొదట్లో ఒకటి రాసి, అచ్చంగా దాని నకలు డిస్కు చిట్టచివర ఇంకొకటి పెడతారు. మొదటిది చెడితే రెండోది చూసి దిద్దుకోవడానికి. గోడ ఎక్కడుందో చెప్పే కాగితానికే రెండు ప్రతులు. గదిలో ఉన్న మన సామానుకు మాత్రం ఒక్కటే!

తెలుగు పాఠం చెప్పేవాణ్ణి గనక తాటాకుల మాట రాకుండా ఉండదు. తాటాకును చెదలు తింటాయి, వాన తడుపుతుంది, పొయ్యిలోకి పోతుంది. అయినా మన కావ్యాలు ఇన్ని వందల ఏళ్ళు నిలిచాయంటే, ఒక వూరి ప్రతిని చూసి ఇంకో వూరివాడు రాసుకోబట్టి. బ్రౌను దొరగారు కడపలో బంగళా కొని, పండితులకు జీతాలిచ్చి కూచోబెట్టినప్పుడు ఒక్కొక్క కావ్యానికి ఒక ప్రతి దొరికిందని తృప్తిపడలేదు. నానా చోట్లనుంచీ పలు ప్రతులు తెప్పించి, పోల్చి చూపించి, శుద్ధప్రతులు రాయించాడు. వాటిని ఒకే అటకమీద రెండరల్లో సర్ది "భద్రం" అనుకుని ఉంటే మనకు ఎన్ని దక్కేవో! ఇది ముప్ఫయ్యొక్క పాటలు పోయాక తట్టిన పాండిత్యం. క్లాసులో ఏటా చెప్పే పాఠమే, ఇంటికి వర్తిస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

పీటర్ క్రోఘ్ అని అమెరికాలో ఒక ఫొటోగ్రాఫరు తన ఫొటోలకోసం చెప్పిన పద్ధతి ఇప్పుడు అందరూ వాడుతున్నారు. మూడు ప్రతులు ఉండాలి, అవి రెండు రకాల వస్తువులమీద ఉండాలి, అందులో ఒకటి ఇంకో చోట ఉండాలి. మా యింట్లో ఇప్పుడు అదే నడుస్తోంది. కంప్యూటరులో డి ఉంది. నెలకో ఆదివారం విడి హార్డ్ డిస్కు తగిలించి డి అంతా దానిలోకి ఎక్కించి, వెంటనే ఊడదీసి బీరువాలో పెడతాను. ఊడదీయడం ముఖ్యం. తగిలించి వదిలేస్తే అది ఇంకో గోడే అవుతుంది. అటువంటిదే ఇంకొకటి రాజమండ్రిలో మా చెల్లెలింట ఉంటుంది. పండక్కి తను వచ్చినప్పుడు అదిస్తుంది, ఇది పట్టుకెళుతుంది. పాటల్లాంటి ముఖ్యమైనవాటిని ఇంటర్నెట్టులో ఉచితంగా ఇచ్చే చోటులో కూడా వేశాను.

నకలు తీశాక తెరిచి చూడాలని కూడా మనవి. మా కాలేజీలో ఒకాయన ఏళ్ళ తరబడి శ్రద్ధగా పెన్ డ్రైవులోకి ఎక్కించుకున్నారు. కంప్యూటరు పోయాక చూసుకుంటే ఎక్కించినవన్నీ షార్ట్‌కట్లు. అంటే ఫైళ్ళు కావు, ఫైళ్ళు ఎక్కడున్నాయో చూపించే చీటీలు. ఇల్లు పోయింది, చిరునామాలు మిగిలాయి.

మరి డి ఎందుకు కట్టించారు మాస్టారూ అంటారేమో. వాన కారడం వరదకన్నా ఎక్కువసార్లు జరుగుతుంది గనక. విండోసు పాడవడం తరచు చూసేదే. అప్పుడు డి నిజంగా ఆదుకుంటుంది. పైగా మనవన్నీ ఒకచోట ఉండటంచేత నకలు తీయడం సుళువు. ఏవి ఎక్కడున్నాయో వెతుక్కోనక్కర్లేకపోతేనే ఏ బద్ధకస్తుడైనా నకలు తీస్తాడు. గోడచేత చేయించుకోవలసిన పని అదీ. మా అమ్మ పెట్టెను అవతలి గదిలో పెట్టడం తప్పు కాదు. ఆ పుస్తకానికి ఇంకో ప్రతి, మా మేనమామగారి వూళ్ళోనైనా, రాయించి ఉంచకపోవడమే జరిగిన నష్టం. ఆ రోజుల్లో దానికి రెండు నెలల చేతిరాత కావాలి. నాకు అయిదు నిమిషాలు చాలేది.

బాంకువారు లాప్‌టాప్ ముందు పెట్టుకుని కొత్త డి ని తెరిచీ మూసీ మురిసిపోయారు. దానికి "భద్రం" అని పేరు కూడా తనే పెట్టారు. కాఫీ పుచ్చుకున్నారు. "విడి డిస్కు కూడా ఒకటి కొనండి" అంటే, "చూద్దాం లెండి, డి వచ్చిందిగా" అంటూ లేచారు. గుమ్మం దాటుతుంటే మా ఆవిడ, "అన్నయ్యగారూ, మీ బాంకులో స్ట్రాంగ్ రూము తాళంచెవికి రెండోది ఉండేదా?" అని అడిగింది. "ఎందుకుండదమ్మా, ఇంకో బ్రాంచిలో పెట్టేవాళ్ళం" అని, రెండడుగులు వేసి, ఆగి, ఏమీ అనకుండా వెళ్ళిపోయారు.

మొన్న చెల్లెలు ఫోను చేసింది. ఊర్మిళాదేవి నిద్ర దానికి సగం వచ్చు, మిగతా సగం ఎంత తన్నుకున్నా రాలేదు. "అన్నయ్యా, పెదనాన్నగారి పెద్దకోడలు వదినకు పూర్తిగా వచ్చుటరా. కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో అమ్మ దగ్గరే నేర్చుకుందిట" అంది. వరద తర్వాత ఇటుకతో కట్టిన గోడలో కూడా ఆ చిన్న గుమ్మం ఉంచారు, ఆ వదిన ఇప్పటికీ అవతలి వాటాలోనే ఉంది. వచ్చే శనివారం ఇద్దరం మా వూరు వెళుతున్నాం. రికార్డరుకు కొత్త బాటరీలు కొన్నాను. విడి డిస్కులు రెండూ సంచీలో పెట్టాను. చెల్లెలు తన ఫోను కూడా పక్కన పెట్టి రికార్డు చేస్తానంది.